వాగు దాటిన గోంగూర

ఒకప్పుడు గోంగూర పుల్లగా ఉండేది కాదు.

పుల్లగానే కాదు, తియ్యగానూ ఉండేది కాదు, చేదుగానూ ఉండేది కాదు. నోట్లో వేసుకుంటే నానిన గడ్డి నమిలినట్టు ఉండేది. మేకలు కూడా ఇంకేమీ దొరకని రోజున మాత్రమే దానివైపు వచ్చేవి. ఒక్క ఆకు కొరికి, "ఇంతేనా?" అనుకుని వెళ్ళిపోయేవి.

అప్పట్లో దాని కాడ పచ్చగా ఉండేది. ఆకు అప్పడంలా గుండ్రంగా ఉండేది.

అప్పట్లో మొక్కలు మాట్లాడేవి, చెట్లు మాట్లాడేవి, వాగులు మాట్లాడేవి. మనుషులు పనుల్లో పడి చెవి పెట్టేవాళ్ళు కాదు గానీ, చెవి పెడితే అన్నీ వినిపించేవి.

ఎర్రవాగు ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పేరమ్మ అని ఒకావిడ. ఆవిడ చేతి వంట అంటే ఊరంతటికీ ఇష్టం. పేరమ్మ ఇంట్లో గుత్తివంకాయ కూర వాసన వస్తే, పక్కింటి మాణిక్యం తన ఇంట్లో కూర వండేది కాదు. అన్నం వార్చుకుని గోడ దగ్గర నిలబడేది. గిన్నె ఎలాగూ గోడ మీదికి వస్తుందని ఆమెకు తెలుసు. వచ్చేది కూడా. మర్నాడు ఆ గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. అందులో మాణిక్యం చేసిన నువ్వుల పొడో, జొన్న అప్పాలో ఉండేవి.

పేరమ్మ ఇంటి వెనక గిన్నెలు తోముకునే జాలాడి ఉంది. దాని పక్కన గోంగూర మొక్కలు రెండుండేవి. అక్కా చెల్లెళ్ళు. పేరమ్మ బియ్యం కడిగిన నీళ్ళు వాటి మొదట్లోనే పోసేది. వాటిని కోసేది కాదు, పీకేది కాదు.

"ఎందుకొదినా ఆ పిచ్చిమొక్కలు? పీకి పారెయ్యరాదూ?" అనేది మాణిక్యం.

"పోనిద్దూ. పచ్చగా కంటికి బాగున్నాయి," అనేది పేరమ్మ.

ఆ మాట వింటే అక్కకు సంతోషంగా ఉండేది. చెల్లికి మాత్రం ఏడుపొచ్చేది.

"కంటికి బాగుంటే సరిపోతుందా అక్కా? ఆ బీర తీగ చూడు, వారానికోసారి చట్టిలోకి వెళ్తుంది. ఆ వంగమొక్క చూడు, ఎంత గర్వమో! మనం ఒక్కసారైనా పొయ్యి ఎక్కద్దూ? ఒక్కసారైనా ఎవరైనా మనల్ని తిని 'అబ్బ' అనద్దూ?"

"పొయ్యి ఎక్కితే కాలుతుందే," అనేది అక్క. "నోరు మూసుకుని నీళ్ళు తాగు."

ఇలా రోజులు గడుస్తుండగా పేరమ్మ కోడలు నాంచారు నీళ్ళోసుకుంది.

ఇల్లంతా పండగే. పేరమ్మ కొడుకు సాంబయ్య అయితే నేల మీద నడవడం మానేసి గంతులేస్తూ తిరిగాడు. పేరమ్మ కొత్త చట్టి కొంది. అటక మీది నెయ్యి జాడీ కిందికి దించింది. "నా కోడలికి నోటికి ఏది హితవైతే అదే వండుతా," అంది.

కానీ నాంచారు నోటికి ఏదీ హితవు కాలేదు.

వేవిళ్ళు అందరికీ ఉంటాయి. నాంచారుకి మాత్రం మరీ ఎక్కువగా వచ్చాయి. పప్పు ఉడికిన వాసన వస్తే కడుపులో తిప్పేది. నెయ్యి కరిగిన వాసన వస్తే జాలాడి దగ్గరికి పరిగెత్తేది. పేరమ్మ పోపు గరిట పట్టుకుంటే చాలు, అక్కణ్ణించే కేక పెట్టేది.

"అత్తా, నీకు దండం పెడతా! ఇవాళ తిరగమోత పెట్టొద్దు. అక్కడ ఆవాలు చిటపటమంటే ఇక్కడ నా కడుపులో చిటపటమంటోంది!"

కడుపుతో ఉన్న పిల్ల అన్నం తినడం లేదని తెలిస్తే ఊరు ఊరుకుంటుందా? తలా ఒక గిన్నె తెచ్చారు. ఒకరు మెత్తగా కాల్చిన జొన్నరొట్టె తెచ్చారు. ఒకరు కొబ్బరి వేసి పొట్లకాయ కూర తెచ్చారు. ఒకరు మినపసున్ని తెచ్చారు. మాణిక్యం తన చేత్తో చేసిన వడియాలు తెచ్చి, వేయించి మరీ పెట్టింది. నాంచారు ఎవరినీ నొప్పించలేక ఒక్కో ముద్ద నోట్లో పెట్టుకునేది. వాళ్ళు గడప దాటగానే జాలాడి దగ్గరికి పరిగెత్తేది.

ఒకరోజు పేరమ్మ చింతపండు కుండ కడుగుతోంది. అడుగున అంటుకున్న గుజ్జు కాస్త నీళ్ళలో కలిసింది. ఆ వాసన నాంచారుకి తగిలింది.

"అత్తా, ఆ నీళ్ళు పారబోయకు!"

"కుండ కడిగిన నీళ్ళే!"

"ఇటివ్వు, అత్తా!"

నాంచారు ఆ నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసుకుని గటగటా తాగేసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నాలుక టక్కుమనిపించింది. తరువాత విస్తరి ముందు కూర్చుని, "అన్నం పెట్టు," అంది. ఆ రోజు కడుపునిండా తింది. తిన్నది కడుపులోనే ఉంది.

పేరమ్మకు సంగతి అర్థమైంది. ఈ పిల్లకు కావలసింది పులుపు. పులుపుంటే అన్నం దిగుతుంది. లేకపోతే దిగదు.

కానీ పులుపెక్కడుంది? ఆ ఊళ్ళో నిమ్మచెట్టు లేదు, మామిడిచెట్టు లేదు. మజ్జిగ పేరెత్తితేనే నాంచారు మొహం తిప్పుకునేది. పులుపంటే వాగు అవతల మిట్ట మీద ఉన్న ముసలి చింతచెట్టే. ఏటేటా ఎండాకాలంలో వాగు ఎండినప్పుడు ఊరంతా అక్కడికి వెళ్ళేది. కాయలు దులిపి, పెంకు తీసి, గింజ తీసి, ఉప్పేసి కుండలకెత్తుకునేది. ఏడాదంతా అదే వాడుకునేవాళ్ళు.

ఆ ఏడాది కాయ పండడం ఆలస్యమైంది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటుండగానే వానలు ముంచుకొచ్చాయి. వాగు పొంగింది. ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా చింతపండు కుండ బోర్లించే ఉంది.

"నేను వెళ్ళొస్తా," అన్నాడు సాంబయ్య. పంచె ఎగ్గట్టి వాగులో దిగాడు.

వాగు గట్టిగా అరిచింది. "ఎవడ్రా అది? అడ్డు లే! కొండ దిగి పరిగెత్తుకుంటూ వస్తున్నా, సముద్రం దాకా ఆగే పని లేదు!"

సాంబయ్యకు వినిపించలేదు. ఇంకో అడుగు వేశాడు. వాగు అతణ్ణి ఎత్తి, గిర్రున తిప్పి, తీసుకొచ్చి ఊరవతలి బురదలో కూర్చోబెట్టి వెళ్ళిపోయింది. సాంబయ్య లేచాడు. మళ్ళీ దిగాడు. మళ్ళీ అదే బురద. ఊళ్ళోవాళ్ళు వచ్చి చేతులు పట్టుకుని ఇంటికి లాక్కొచ్చారు.

నాంచారు రోజురోజుకీ నీరసపడిపోయింది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అయినా జాలాడి దగ్గర కూర్చుని గోంగూర మొక్కలతో నవ్వుతూ మాట్లాడేది.

"మీరే అదృష్టవంతులు. ఇది తిను, అది తిను అని మిమ్మల్ని ఎవరూ బతిమాలరు. నన్ను చూడండి, పెట్టేవాళ్ళు ఊరంతా ఉన్నారు, తినే నోరు నాకు లేదు."

చెల్లి గోంగూరకు గుండె కరిగిపోయేది. ఆ పెరట్లో తనతో కూర్చుని మాట్లాడిన మనిషి నాంచారు ఒక్కతే మరి!

ఒక పొద్దున నాంచారు మంచం మీంచి లేవలేకపోయింది. పేరమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"అత్తా, ఏడుస్తున్నావా?" మంచం మీంచే అడిగింది నాంచారు.

"ఏడుపెందుకే? పొగ."

"పొయ్యి వెలిగించకుండానే పొగెక్కడిది అత్తా?"

వంటింటి కిటికీ జాలాడి వైపే ఉంది. ఆ మాటలు గోంగూరలు రెండూ విన్నాయి.

"అక్కా, నేను వెళ్తాను," అంది చెల్లి.

"ఎక్కడికే?"

"చింతచెట్టు దగ్గరికి."

అక్క ఆకులు గజగజా వణికాయి. "నీకేమైనా మతిపోయిందా? వేరు పెకిలించుకుని నడిచిన మొక్కను ఎక్కడైనా చూశావా? మళ్ళీ మట్టిలో దిగేలోపు ఎండ నడినెత్తికి వస్తే ఏమవుతుందో తెలుసా? పొయ్యిలో పెట్టుకునే పుల్లవైపోతావు!"

"ఇవాళ మబ్బుగా ఉంది కదా."

"మబ్బుని నమ్ముకుని ఎవరైనా ఊరెళ్తారా?"

"ఆ పిల్ల మంచం దిగడం లేదక్కా!"

అక్క వణుకు ఆపుకుని, "నీ చోటు నేను తవ్వి ఉంచుతాను. తొందరగా రా," అంది.

చెల్లి గోంగూర ఒళ్ళు బిగబట్టి వేళ్ళు ఒక్కొక్కటే పైకి లాక్కుంది. అబ్బో, ఎంత నొప్పో! నొప్పిని దిగమింగుకుని, వేళ్ళ కొసల మీద బుడిబుడి అడుగులు వేస్తూ వాగు దాకా నడిచింది.

వాగు భోరుమని పోతోంది. కొట్టుకొచ్చిన దుంగలు, తాటిమట్టలు, ఎవరిదో చేటా, అన్నీ మోసుకుని పోతోంది. గోంగూర కాసేపు చూసింది. సాంబయ్య పెద్ద మనిషి, వాగుకి అడ్డం నిలబడ్డాడు, అందుకే ఎత్తి కుదేసింది. నేనెంత? పుల్లంత. అడ్డం నిలబడనే కూడదు, అనుకుంది. నీళ్ళ మీద వెల్లకిలా పడుకుంది. వాగు ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళింది. ఒక మలుపులో వాగు అవతలి ఒడ్డుని రాసుకుంటూ పోయింది. అప్పుడు గోంగూర ఒక గడ్డిదుబ్బు పట్టుకుని పైకి ఎక్కేసింది. తన మీంచి ఒక గోంగూర వెళ్ళిందని వాగుకి తెలియనే తెలియదు.

మిట్ట మీద చింతచెట్టు ఒంటరిగా నిలబడి ఉంది. గాలివానకు దాని ఆకంతా దులిపేసినట్టు రాలిపోయింది. కింద కాయలు బురదలో కుళ్ళిపోయి ఉన్నాయి.

"ఎవరది?" అంది చింతచెట్టు గంభీరంగా. "కర్ర తెచ్చావా?"

"కర్రెందుకు తాతా?"

"నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ కర్రలతోనే వస్తారు. కొడతారు, ఏరుకుంటారు, పోతారు. బాగున్నావా అని అడిగినవాడు లేడు."

"బాగున్నావా తాతా?" అంది గోంగూర వెంటనే.

చింతచెట్టు గోంగూర మీదికి వంగి చూసింది. దాని జీవితంలో ఆ ప్రశ్న మొదటిసారి వినడం. "నడుం నొప్పిగా ఉంది," అంది చివరికి, కాస్త సిగ్గుపడుతూ.

గోంగూర దాని మొదట్లో కూర్చుని సంగతంతా చెప్పింది. నాంచారు ఎలా చిక్కిపోయిందో చెప్పింది, సాంబయ్య బురద సంగతి చెప్పింది, పేరమ్మ పొగ సంగతి చెప్పింది. బురద సంగతికి చింతచెట్టు కొమ్మలూపి నవ్వింది. పొగ సంగతికి కొమ్మలు వాల్చేసింది.

"కాయలు లేవు తల్లీ. చిగురూ లేదు. మిగిలింది నా ఒంట్లో ఉన్న పులుపే. అది ఇస్తాను. కానీ దేంట్లో పట్టుకెళ్తావు? అది మామూలుది కాదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పోస్తే గిన్నె పచ్చబడిపోతుంది. రాగి చెంబైతే ఇంక చెప్పక్కర్లేదు."

"నా ఆకుల్లో పొయ్యి."

"నీ లేత ఆకుల్లోనా! ఒళ్ళు మండిపోతుందే. పైగా ఒకసారి నా పులుపు ఒంటికి పట్టిందంటే వదలదు. మళ్ళీ ఇప్పటిలా చప్పగా, చల్లగా ఉండలేవు."

"చప్పగా ఉండి ఉండి విసుగొచ్చింది తాతా. పొయ్యి!"

చింతచెట్టు తన బెరడు కాస్త విప్పి ఒక చుక్క వదిలింది. ఆ చుక్క గోంగూర ఆకు మీద పడి, అప్పడం లాంటి ఆకు మీంచి జర్రున జారి నేల పాలైంది. ఇంకో చుక్క వదిలింది. అదీ అంతే.

"గుండ్రటి ఆకు మీద నిలవదే," అంది చింతచెట్టు.

గోంగూర ఆలోచించింది. నాంచారు నీళ్ళు తాగేటప్పుడు దోసిలి పట్టడం తను రోజూ చూస్తుంది. పళ్ళ బిగువున తన ఆకులను చీల్చుకుంది. ఒక్కో ఆకూ వేళ్ళు విప్పిన అరచేయిలా అయింది. ఆ వేళ్ళను ముడిచి దోసిళ్ళు పట్టింది.

"ఇప్పుడు పొయ్యి!"

చుక్క తరువాత చుక్క పడింది. అబ్బా! ఆకు జివ్వుమంది. ఆ జివ్వు ఆకులోంచి కాడలోకి దిగింది, కాడలోంచి కొమ్మలోకి దిగింది, కొమ్మలోంచి వేళ్ళ దాకా దిగింది. దిగిన చోటల్లా కాడ ఎర్రగా కందిపోయింది. గోంగూర కళ్ళు మూసుకుని, "నాంచారూ, నాంచారూ," అనుకుంటూ నిలబడింది. ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు.

"గట్టి పిండానివే," అంది చింతచెట్టు. "వెళ్ళు. ఆగకుండా వెళ్ళు."

అప్పుడే మబ్బు విడిపోయింది. ఎండ వచ్చేసింది.

గోంగూర మిట్ట మీంచి పరుగు తీసింది. ఎండకు ఆకులు వాడిపోతున్నాయి. వాడుతున్నకొద్దీ దోసిళ్ళలో పులుపు చిక్కబడుతోంది. చిక్కబడుతున్నకొద్దీ ఇంకా మండుతోంది. అలాగే ఎగురుకుంటూ, దూకుకుంటూ వాగు ఒడ్డుకు చేరింది.

చేరాక గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు వెల్లకిలా పడుకుని వచ్చింది. ఇప్పుడెలా? పడుకుంటే దోసిళ్ళలోది వాగు పాలవుతుంది.

"వాగమ్మా! వాగమ్మా! ఒక్క క్షణం ఆగవూ?"

"ఎవరే? నాకాగే తీరిక లేదు!"

"ఒక్క క్షణం!"

"కొండ దగ్గర బయల్దేరిన దగ్గర్నుంచీ పరుగే పరుగు! నోట్లో ఇంత మట్టి, ఇంత బురద. ఇంకేం లేదు. నాతో పెట్టుకోకు, చిరాగ్గా ఉన్నా!"

గోంగూర తన దోసిళ్ళ వంక చూసుకుంది. ఇది నాంచారుది. ఇందులోంచి ఇస్తే తగ్గిపోతుంది. ఇవ్వకపోతే ఇక్కడే ఎండిపోతుంది. ఎండిపోతే నాంచారుకి ఏమీ దక్కదు.

"అయితే నోరు తెరువు వాగమ్మా. మంచి రుచి ఒకటి పెడతా."

వాగుని నోరు తెరవమన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. వాగు నోరు తెరిచింది. గోంగూర ఒక ఆకులోని పులుపు అందులో వంచింది.

ఏం చెప్పమంటారు! వాగు ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. మనం పుల్లటిది తింటే పెదవులు ఎలా ముడుచుకుంటామో, వాగు తన రెండు ఒడ్లనీ అలా ముడుచుకుంది. నీళ్ళన్నీ ఒక్క చోటికి లాక్కుంది. "స్స్‌స్స్‌!" అంది.

నడుమ ఇసక తేలింది.

గోంగూర ఒక్క ఉదుటున ఆ ఇసక మీంచి పరిగెత్తింది. ఇవతలి ఒడ్డు ఎక్కుతుండగా వాగు కళ్ళు తెరిచింది.

"ఏమే పిల్లా, ఇంకొంచెం పెట్టవే! ఇంకొక్క చుక్క!" అంటూ మీదికి దూకింది. ఇన్ని నీళ్ళు ఎగిరి గోంగూర మీద పడ్డాయి. దోసిళ్ళలో పులుపు కాస్త పలచబడింది. అయినా పోలేదు. ఒంటికి పట్టిందిగా, ఎక్కడికి పోతుంది!

పెరట్లోకి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. చెల్లి వేళ్ళు ఎండిపోయి కర్రలా అయిపోయాయి. నడవలేక జాలాడి రాయి దగ్గరే ఒరిగిపోయింది.

"ఇటే! ఇటే! గుంట తీసి ఉంచాను, కాలు పెట్టు!" అంటూ అక్క వంగింది. తన గుండ్రటి ఆకుతో చెల్లిని పట్టుకుందామంటే పట్టు చిక్కలేదు. అక్క కూడా తన ఆకులు చీల్చుకుని, చెల్లి చేతులు పట్టుకుని, గట్టిగా లాగి గుంటలోకి దించింది. వేళ్ళకు తడి తగిలింది. చెల్లి ఊపిరి పీల్చుకుంది.

పట్టుకున్న చేతుల్లోంచి అక్కకు కూడా కాస్త పులుపు అంటింది.

"అబ్బ, ఇదేంటే ఇలా ఉంది!" అంటూ అక్క మొహం ముడుచుకుంది. తరువాత, "బాగుందే," అంది.

అప్పుడే నాంచారు గోడ పట్టుకుని మెల్లగా జాలాడి దగ్గరికి వచ్చింది. మొక్కల్ని చూసి ఆగిపోయింది.

"ఇదేంటి? మీకు చేతులొచ్చాయేంటి? కాడ ఎందుకిలా కందిపోయింది తల్లీ?"

జాలిగా ఒక ఆకు నిమిరింది. నిమిరిన వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది.

కళ్ళు మూసుకుపోయాయి. నాలుక టక్కుమంది.

"అత్తా!" అని నాంచారు పెట్టిన కేకకు గోడ మీది పిల్లి కింద పడింది.

పేరమ్మ గరిట పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? అయ్యో అయ్యో, ఆ పిచ్చాకు తింటున్నావా? ఉమ్మెయ్! కడుపుతో ఉన్నదానివి!"

"నువ్వూ తిను అత్తా!"

"నేనెందుకు..." అంటుండగానే నాంచారు ఆవిడ నోట్లో ఒక ఆకు పెట్టేసింది. పేరమ్మ నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది. ఆవిడ చేతిలో గరిట జారి కింద పడింది.

"పొయ్యి వెలిగించు!" అని సాంబయ్యను కేకేసింది.

చెల్లి ఆకులన్నీ, అక్క ఆకులన్నీ కోసి, కడిగి, నీడన ఆరబెట్టి, చట్టిలో చుక్క నూనె వేసి మగ్గబెట్టింది. మూత తీసి చూసి కంగారుపడింది. "అయ్యో, చట్టెడు ఆకు వేస్తే గుప్పెడైంది! కరిగిపోయిందే!"

కరిగితే కరిగింది. ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో దంచి, ఆ ముద్దను అందులో కలిపి నూరింది. మాణిక్యం గోడ అవతల నుంచి, "ఏంటొదినా ఆ వాసన?" అని అడిగింది. వెంటనే అన్నం వార్చుకోవడానికి లోపలికి పరిగెత్తింది.

"ముందు నేను తింటానమ్మా," అన్నాడు సాంబయ్య. "కొత్త ఆకు. నాంచారుకి పెట్టేముందు చూడాలి కదా."

వేడివేడి అన్నంలో పచ్చడి కలిపి, నెయ్యి వేసి, పచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టి ఇచ్చింది పేరమ్మ. సాంబయ్య ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"ఎలా ఉందిరా?"

ఇంకో ముద్ద.

"ఒరే, పలకవేంట్రా? ఇలా తే ఆ కంచం! కడుపుతో ఉన్నది నీ పెళ్ళాం, నువ్వు కాదు!"

నాంచారు నవ్వుతూ వచ్చి కూర్చుంది. మొదటి ముద్ద తిన్నాక అందరూ ఆమె మొహం వంకే చూస్తూ కూర్చున్నారు. ఆమె జాలాడి వైపు పరిగెత్తలేదు. రెండో ముద్ద కలుపుకుంది. మారు వడ్డించుకుంది. కంచం ఖాళీ చేసి, వేళ్ళు నాక్కుని, "అబ్బ!" అంది.

కిటికీలోంచి వింటున్న చెల్లి గోంగూర సంతోషంతో ఊగిపోయింది.

సాయంత్రం పేరమ్మ చెంబెడు నీళ్ళు తీసుకుని జాలాడి దగ్గరికి వచ్చింది. ఆకులన్నీ పోయి బోసిగా నిలబడ్డ మొక్కల్ని చూసి ఆవిడ కళ్ళు చెమర్చాయి. "కందిన ఒళ్ళు చూస్తేనే తెలుస్తోంది, నా బిడ్డ కోసం ఏం పడ్డావో. చివరికి బోడిదాన్ని చేసేశాను తల్లీ," అంది.

ఆ రోజు పేరమ్మ చెవి పెట్టింది కాబట్టి ఆవిడకు జవాబు వినిపించింది.

"ఆకు కోస్తే నాకేం కాదమ్మా. వేరు మాత్రం పీకొద్దు. నువ్వు తుంచినకొద్దీ నేను చిగురేస్తాను."

అలాగే చిగురేసింది. పేరమ్మ తుంచేది, గోంగూర చిగురేసేది. నాంచారు తినేది, బుగ్గలు నిండేవి. గాజులు మణికట్టు మీదికి తిరిగొచ్చాయి. నెలలు నిండాక నాంచారుకి ఆడపిల్ల పుట్టింది. పిల్లకు పేరేం పెట్టాలని ఇంట్లో ఎవరూ ఆలోచించనే లేదు. పుల్లమ్మ అని పెట్టారు.

గోంగూర కాయలు కాసి, విత్తనాలు రాలినప్పుడు పేరమ్మ వాటిని కొంగున మూటగట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మొదటి గుప్పెడు మాణిక్యానికే ఇచ్చింది. "ఇంక నువ్వు గోడ దగ్గర నిలబడక్కర్లేదు," అంది.

"నా పెరట్లోది కోసి నేను నూరితే నీ చేతి రుచి వస్తుందా ఒదినా?" అంది మాణిక్యం. విత్తనాలూ తీసుకుంది, గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడడమూ మానలేదు.

అప్పటినుంచే గోంగూర ఆకు వేళ్ళు విప్పిన చేతిలా ఉంటుంది. అప్పటినుంచే చెల్లి సంతతి ఎర్రకాడ గోంగూర బాగా పుల్లగా ఉంటుంది, అక్క సంతతి తెల్ల గోంగూర కాస్త పుల్లగా ఉంటుంది. ఎండలు ముదిరితే పులుపు చిక్కబడుతుంది, వానలు పడితే పలచబడుతుంది. ఎంత తుంచితే అంత చిగురేస్తుంది. ఏ ఇంట్లో కోడలు నోటికి ఏదీ హితవు కాక మొహం తిప్పుకుంటున్నా, పెరట్లో ఎర్రటి కాడ మీద గోంగూర చేతులు చాచి నిలబడే ఉంటుంది, కోసుకోమని.